మూల బన్ను ఎవరు?

ఆ రోజు పొద్దున పెద్దక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడి చొక్కాకి ఊడిన గుండీ కుట్టాలి. ఇద్దరూ కలిసి బన్నుల ఫ్యాక్టరీకి నడిచి వెళ్ళాలి. సాయంత్రం ఇద్దరూ కలిసే తిరిగి రావాలి. ఈ మూడింటిలో ఆమెకు ముఖ్యమైనది చివరిదే. ఎవరైనా గడప దాటి వెళ్తున్నారంటే చాలు, ఆమెకు దిగులు పట్టుకునేది. పాలు పోసి వెళ్ళే మనిషినైనా సరే, వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, "రేపు కూడా నువ్వే వస్తావుగా?" అని అడిగి పంపేది. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట.

గుండీకి దారం ఎక్కిస్తుండగా భర్త కడుపు గుర్రుమంది.

"ఏమిటండీ ఆ చప్పుడు?"

"నా కడుపే. నాతోపాటు అదీ నిద్ర లేచింది."

"నిన్న కూడా ఇలాగే అంది."

"నిన్న కూడా లేచింది మరి. పస్తుండి పడుకోమంటావా దాన్ని?"

ఆయన సన్నగా, పొడుగ్గా, గాలి గట్టిగా వీస్తే చొక్కా పట్టుకుని ఆపాలనిపించేలా ఉంటాడు. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని గాలిపటం బాబాయ్ అంటారు. పిండి ముద్దలు తూచే కాటా దగ్గర ఆయన పని. దాని పక్క బల్ల మీదే పెద్దక్క ప్యాకింగు పని. పెళ్ళైన దగ్గర్నుంచి వాళ్ళిద్దరి మధ్యా ఆ కాటా కన్నా ఎక్కువ దూరం ఎప్పుడూ లేదు. ఆయన మంగలి షాపుకు వెళ్ళినా ఆమె గోడవారన బెంచీ మీద కూర్చుని పాత పత్రికలు చదువుకునేది. తల తిప్పి చూస్తే కనిపించాలి, అంతే ఆమె కోరిక.

దారిలో వంతెన మెట్లెక్కుతూ ఆమె ఆగి ఆయాసం తీర్చుకుంది. ఆయన ఆమె మొహంలోకి పరిశీలనగా చూశాడు.

"తెల్లగా పాలిపోయావే. రక్తం ఉన్నట్టే లేదు."

"దిగులు పెట్టుకుంటే రక్తం ఎక్కడ నిలుస్తుందండీ? మీ కడుపు సంగతి చూసుకోండి ముందు."

ఆ ఫ్యాక్టరీ గురించి ఒక ముక్క చెప్పాలి. ఒక్కో ట్రేకి నూరు బన్నులు పడతాయి. ఓవెన్‌లో ఎడమ మూల వేడి ఎక్కువ. అందుకని ఏ ట్రే చూసినా ఆ మూలనున్న ఒక్క బన్ను మాడి బొగ్గవుతుంది. ఎంతమంది మేస్త్రీలు మారినా, ఓవెన్ తలుపు ఎన్నిసార్లు మార్చినా, ఆ మూల మాత్రం మారలేదు. ట్రే బయటికి రాగానే చిమటాతో, అదే పట్టకారుతో, ఆ ఒక్కదాన్నీ తీసి పక్క డబ్బాలో పడెయ్యడం పెద్దక్క పని. పడేసేముందు ప్రతిసారీ ఆమె మనసులో దానికొకసారి "అయ్యో" అనుకునేది. మిగిలినవన్నీ ఒకటిగా కలిసి సంచిలోకి వెళ్తాయి. అదొక్కటే వేరైపోతుంది.

ఆ రోజు వాళ్ళు టోపీలు పెట్టుకుని లోపలికి అడుగు పెట్టేసరికి ఫ్యాక్టరీ ముందు తెల్ల వ్యాను ఆగి ఉంది. ఒక డాక్టరమ్మ, ఒక నర్సు దిగారు. పిండి గదిలోకి బయటివాళ్ళు కాలు పెట్టకూడదని యజమాని పెట్టిన నియమం. పెద్ద అధికారి వచ్చినా అంతే. దాంతో డాక్టరమ్మ ట్రేలు బయటికి తోసే కిటికీ దగ్గర వంగి, ఈగలు రాకుండా వేలాడదీసిన రబ్బరు తెర పైకెత్తి, తల మాత్రం లోపలికి పెట్టి మాట్లాడింది. గోడకి ఫొటో తగిలించినట్టుంది.

"మీరందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు. అందుకే మీ దగ్గరికి వచ్చాను," అంది.

లోపల అందరూ మొహమొహాలు చూసుకున్నారు. జబ్బు లేనివాళ్ళని వెతుక్కుంటూ డాక్టరు రావడం ఎవరూ ఎరగరు.

"సీలియాక్ అని ఒక జబ్బుంది. గోధుమలో ఉండే జిగురు కొందరి ఒంటికి పడదు. తిన్నకొద్దీ లోపల పేగు గోడ పాడవుతూ ఉంటుంది. కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు, రక్తం తగ్గిపోవడం, నీరసం ఉంటాయి. చాలామందికి మాత్రం ఏమీ తెలియదు. నిక్షేపంలా తిరుగుతుంటారు. నాకేం లేదు అనుకునే వాళ్ళకి పరీక్ష చేస్తే, నూటికి ఇంచుమించు ఒకరికి ఉంటోంది. మీరు రోజూ గోధుమపిండిలోనే ఉంటారు కాబట్టి మీ దగ్గర చూద్దామని వచ్చాం. వేలి చివర ఒక్క చుక్క రక్తం ఇస్తే చాలు."

ప్యాకింగులో పెద్దక్క పక్కన నిలబడే మనిషిని అందరూ రేడియో అంటారు. ఆవిడే ముందు తేరుకుంది.

"మనం నూరుమందిమి కదా!"

"కాదమ్మా, అది సగటు," అంది డాక్టరమ్మ తల. "ఒక నూరుమందిలో ఎవరికీ ఉండకపోవచ్చు, ఇంకో నూరుమందిలో ఇద్దరికి ఉండొచ్చు."

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ప్రతి ట్రేలోనూ సరిగ్గా ఒక్క బన్ను మాడడం చూసినవాళ్ళకి సగటు గురించి చెప్తే ఏం లాభం? నూరుమంది ఉన్నారు, ఒకరు మాడతారు. ఎవరన్నదే తేలాలి.

సరిగ్గా అప్పుడే గాలిపటం బాబాయ్ కడుపు గుర్రుమంది. నూరు తలలూ ఆయనవైపు తిరిగాయి.

యజమాని మంచివాడు. అందుకే పరిస్థితి ఇంకా పాడుచేశాడు. "ఎవరికి ఉందని తేలినా భయపడకండి! ఉద్యోగానికి ఢోకా లేదు. నది అవతల మన ఐసు ఫ్యాక్టరీ ఉంది. అక్కడ పిండి గాలి కూడా తగలదు. వాళ్ళని అక్కడికి మార్చేస్తా. ఉండడానికి గది కూడా ఇస్తా," అన్నాడు.

పెద్దక్క గుండె గుభేలుమంది. నది అవతల! ఆయన అక్కడ ఐసు దిమ్మల మధ్య ఒంటరిగా, ఈ గుండీ ఊడే చొక్కాతో, ఈ గుర్రుమనే కడుపుతో. ఆమె కళ్ళముందు ఆయన్ని ఎవరో చిమటాతో పట్టుకుని డబ్బాలో వేస్తున్నట్టు కనిపించింది.

ఆమెకి వెంటనే తమ్ముడు గుర్తొచ్చాడు.

తమ్ముణ్ణి అందరూ బస్తా అంటారు. పిండి బస్తాలు చంకకొకటి చొప్పున రెండేసి మోస్తాడు. పొద్దున్నే వేడి బన్నులు అరడజను మింగి, మిగిలిన రోజంతా ఆకలి అంటాడు. ఆ మనిషి తుమ్మగా ఎవరూ వినలేదు. ఆరోగ్యం అన్న మాటకి అర్థం అడిగితే ఆ ఫ్యాక్టరీలో ఎవరైనా అతన్నే చూపించేవారు. పెద్దక్క గోడౌన్‌లోకి పరిగెత్తి అతని చొక్కా పట్టుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఒక సాయం చెయ్యరా. మీ బావ పేరు పిలిచినప్పుడు ఆ తెర కింద నీ వేలు పెట్టు."

"ఎందుకక్కా?"

"ఆయన కడుపు వినలేదా? నువ్వు రాయిలా ఉన్నావు. నీ చుక్క ఇస్తే ఆయనకేం లేదని తేలుతుంది. లేకపోతే నది దాటించేస్తారురా!"

బస్తా ఆలోచించలేదు. అక్క ఏడుపు మొహం పెడితే ఆలోచించే అలవాటు అతనికి చిన్నప్పటి నుంచీ లేదు. "ఒక చుక్కే కదా. నా ఒంట్లో డ్రమ్ములకి డ్రమ్ములుంది," అన్నాడు.

పని అనుకున్నదానికన్నా సులువైంది. నర్సు బయట స్టూలు మీద కూర్చుని పేరు పిలిచేది. తెర కింద నుంచి ఒక చెయ్యి వచ్చేది. ఆమె స్పిరిటుతో పిండి తుడిచి, వేలు గుచ్చి, చుక్క తీసి, ఒక చిన్న కార్డు మీద వేసి, దాని మీద పేరు రాసేది. తెర వెనక మనిషి ఎవరన్నది చూసే అవసరమూ లేదు, వీలూ లేదు. గాలిపటం బాబాయ్ పేరు పిలిచారు. బస్తా చెయ్యి వెళ్ళింది, చుక్క ఇచ్చింది, వచ్చేసింది. పెద్దక్క ఊపిరి పీల్చుకుంది.

కానీ రేడియో చూసేసింది.

"పెద్దక్కా! ఏమిటి, నీ తమ్ముడు మీ ఆయన్లా ఎప్పుడు మారాడు?"

"నెమ్మది, నెమ్మది! నీకు పుణ్యముంటుంది, ఎవరితో అనకు."

"ఛ, నేనెందుకంటాను? నేనేమన్నా అలాంటిదాన్నా? కాకపోతే, బస్తా తమ్ముడూ, నాకు కూడా ఒక చుక్క. నిన్నట్నుంచి నాకూ కడుపు ఉబ్బరంగా ఉంది."

ఆవిడ ఎవరితోనూ అననని ఒట్టేసిన కాసేపటికి బస్తా వెనక వరస కట్టింది. ఒకడికి చిన్నప్పుడెప్పుడో విరేచనాలైన సంగతి గుర్తొచ్చింది. ఇంకొకామెకి మధ్యాహ్నం భోజనం చేశాక నిద్రొస్తుంది, అదీ జబ్బేమో. ఓవెన్ మేస్త్రీకి ఏమీ లేదు. ఏమీ తెలియకపోవడమే లక్షణమని డాక్టరమ్మ అంది కదా, అదే ఆయన భయం. బస్తా ఎవరినీ కాదనలేకపోయాడు. కిటికీ పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, పేరు పిలిచినప్పుడల్లా వేలు మార్చి పెడుతున్నాడు. వెనక నుంచి అసలు మనిషి "ఆఁ, నేనేనమ్మా" అని పలికేవాడు.

రేడియో పేరు పిలిచినప్పుడు నర్సు ఆ వెంట్రుకల చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

"మీ చెయ్యి ఇంత మొరటుగా ఉందేమిటండీ?"

"పిండి పిసికీ పిసికీ అలా అయిందమ్మా," అంది రేడియో తెర వెనక నుంచి దీనంగా. "ఒకప్పుడు తమలపాకులా ఉండేది."

కొంతసేపటికి నర్సుకి మళ్ళీ అనుమానం వచ్చింది. "ఈ వేలికి ఇంతకుముందే గుచ్చినట్టుందే?"

"పేడు గుచ్చుకుందమ్మా, పొద్దున ట్రే మోస్తుంటే," అన్నాడు ఎవరో.

"మీ అందరికీ అదే వేలికి గుచ్చుకుంటుందా?"

"ట్రే పట్టుకునే తీరు ఒకటే కదమ్మా."

చివరికి గోడౌన్ వెనక తలుపు నుంచి యజమాని వచ్చాడు. పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి బస్తా చెవి దగ్గర వంగాడు. "ఒరేయ్, బన్నుల ఫ్యాక్టరీ వాడికి బన్నులు పడవని బయటికి తెలిస్తే నేను రోడ్డున పడతానురా. నా పేరు పిలిచినప్పుడు కాస్త..." అన్నాడు. బస్తా తన వేళ్ళవైపు చూసుకుని, అన్నిటికన్నా తక్కువ వాచిన చిటికెన వేలు యజమానికి కేటాయించాడు. ఆఖర్న తన సొంత పేరు పిలిచేసరికి పెట్టడానికి వేలే మిగలక, తను పనికి రాలేదని చెప్పించాడు.

ఈ హడావిడిలో పెద్దక్క పేరు ఎప్పుడు పిలిచారో ఆమెకి తెలియనే లేదు. తమ్ముడి వేళ్ళకి దూది చుట్టే పనిలో ఉండిపోయింది.

మధ్యాహ్నం కార్డులు చూసే వేళకి డాక్టరమ్మ వ్యానులో కూర్చుంది. జబ్బు లేకపోతే కార్డు మీద ఒక గీత, ఉంటే రెండు గీతలు. మొదటి రెండు గీతల కార్డు కనబడగానే ఆమె "ఆహా, దొరికారు" అనుకుంది. రెండోది వచ్చేసరికి కళ్ళజోడు తుడుచుకుంది. ఐదోదానికి నర్సుని పిలిచింది. పదోదానికి మంచినీళ్ళు తాగింది. ఇరవై దాటాక ఫోను అందుకుంది.

"ఇది ప్రపంచంలో ఎక్కడా లేదు!" అని ఆమె ఫోనులో పెద్ద డాక్టరుతో అరవడం కిటికీలోంచి అందరికీ వినబడింది. "నూటికి ఒకరు కాదండీ, ఐదుగురికి ఒకరు! అవునండీ, అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఒక పేరైతే ఫ్యాక్టరీ యజమానిదే!"

ఆ తర్వాత ఆమె తల కిటికీలో కనిపించి, గొంతు సవరించుకుని, పేర్లు చదివింది. మొదటి పేరు గాలిపటం బాబాయిది.

పెద్దక్క ఉన్నచోటే కూలబడింది. మిగిలిన పేర్లు ఆమెకి వినబడలేదు. ఒక్కో పేరుకి ఒక్కో కేక లేచింది. యజమాని పేరు చదివేసరికి ఆయన పిండి కుప్ప మీద కూర్చుండిపోయాడు. "అందరినీ ఐసు ఫ్యాక్టరీకి పంపుతానన్నారు కదండీ, లారీ ఎప్పుడొస్తుంది?" అని రేడియో ఏడుస్తూ అడిగింది.

"అంతమందికి అక్కడ పనెక్కడుందే? ఉన్నవి నాలుగు దిమ్మలు."

"మరి మీరేం చేస్తారక్కడ?"

"నేనా? కరక్కుండా చూస్తూ కూర్చుంటాను," అన్నాడు యజమాని శూన్యంలోకి చూస్తూ.

వీడ్కోళ్ళు మొదలయ్యాయి. ఏళ్ళ తరబడి మాట్లాడుకోని ఇద్దరు మేస్త్రీలు కావలించుకున్నారు. ఒకడు తన టోపీని జ్ఞాపకంగా ఉంచుకోమని పక్కవాడికిచ్చి, పక్కవాడి పేరు కూడా చదివారని తెలిసి వెనక్కి తీసుకున్నాడు. పెద్దక్క భర్త భుజాలు పట్టుకుని, "చలికోటు లేదు మీకు, ఉన్ని టోపీ లేదు, రాత్రి దుప్పటి తన్నేస్తారు, ఎవరు కప్పుతారు?" అంటోంది. ఆయన మాత్రం నోరు తెరవబోయి, మూసి, ఆమెవైపు వింతగా చూస్తున్నాడు. అప్పుడే ఓవెన్‌లోంచి పొగ వచ్చింది. ఎవరూ పట్టించుకోక ట్రే లోపలే ఉండిపోయింది. మేస్త్రీ పరిగెత్తి లాగేసరికి మూలది ఒక్కటే కాదు, నూరూ మాడి ఉన్నాయి. ఏది తీసి పడెయ్యాలో తెలియక పెద్దక్క చిమటా పట్టుకుని నిలబడిపోయింది.

నిలబడి ఆ ట్రేని చూస్తుంటే ఆమెకి వెలిగింది. పేర్లు చదివిన వాళ్ళందరూ ఎవరు? తమ్ముడి వెనక వరస కట్టినవాళ్ళు. సొంత వేలు ఇచ్చినవాళ్ళలో ఒక్కరి పేరూ రాలేదు. మాడింది ఇరవైమంది కాదు. ఒకే బన్ను ఇరవైసార్లు ట్రే ఎక్కింది.

ఆమె తల తిప్పి చూసింది. బస్తా గోడవార కూర్చుని, దూది చుట్టిన వేళ్ళతో బన్నుని రెండు అరచేతుల మధ్యా పట్టుకుని కొరుకుతున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే భర్త మిగులుతాడు, తమ్ముడు నది దాటుతాడు. విప్పకపోతే తమ్ముడు మిగులుతాడు, భర్త దాటుతాడు. ఆమె నోరు తెరిచింది, తమ్ముణ్ణి చూసి మూసింది, భర్తని చూసి మళ్ళీ తెరిచింది. చేపలా కాసేపు అలా ఉండిపోయింది.

ఆ కష్టం ఆమెకి ఎక్కువసేపు లేకుండా డాక్టరమ్మే ముందుకొచ్చింది. "ఒక్కసారి చూసిందాన్ని నమ్మలేం. పేర్లు చదివిన వాళ్ళందరూ బయటికి రండి. నా కళ్ళముందు మళ్ళీ గుచ్చుతాం."

వాళ్ళంతా వాకిట్లో వరసగా నిలబడి, కళ్ళు మూసుకుని చేతులు చాచారు. నర్సు వరస చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. గాలిపటం బాబాయ్ ఒక్కడూ గుప్పిట విప్పలేదు గానీ, మిగిలిన ఏ వేలి మీదా సూది గుర్తు లేదు. యజమాని వేళ్ళకి ఉంగరాల గుర్తులున్నాయి గానీ సూది గుర్తు మాత్రం లేదు.

"వీళ్ళకి పొద్దున మనం గుచ్చలేదండీ," అంది నర్సు.

"మరి ఎవరికి గుచ్చావు?"

లోపల నుంచి బస్తా వచ్చాడు. జాలిగుండె కదా, ఇంకో విడత పిలుస్తున్నారనుకున్నాడు. దూది చుట్టిన పది వేళ్ళూ పైకెత్తి చూపించి, "ఇంక ఖాళీ లేదమ్మా. కావాలంటే కాలి వేళ్ళు పనికొస్తాయేమో చూడండి," అన్నాడు.

డాక్టరమ్మ ఆ పది వేళ్ళనీ, ఆ భుజాలనీ, ఆ నోట్లో బన్నునీ చాలాసేపు చూసింది. ఆ తర్వాత వ్యాను మెట్టు మీద కూర్చుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది.

"నాకా జబ్బు?" బస్తాకి నమ్మకం కుదరలేదు. "నాకు చిన్న నొప్పి కూడా లేదే!"

"పొద్దున్నుంచీ నేను చెప్తోంది అదే కదయ్యా! చాలామందికి ఏమీ తెలియదు. పెద్దాసుపత్రిలో చేతి నరం నుంచి రక్తం తీసి చూడాలి, పేగు లోపల కూడా చూడాలి. అప్పుడే ఖాయం."

"అయితే ఈ బన్ను పారెయ్యనా?"

"వద్దు, తిను. ఇప్పుడే మానేస్తే ఆ పరీక్షల్లో జబ్బు దొరకదు. అవన్నీ అయ్యాక మానుదువుగాని."

బస్తా మిగిలిన ముక్క కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. పెద్దక్క తమ్ముడి భుజం మీద తల పెట్టి ఏడుపందుకుంది. "నా మూలంగానే రా! నీ వేలు పెట్టమని నేనే కదా..."

"ఊరుకో అక్కా. నువ్వు పెట్టించకపోయినా నా పేరుకి నా వేలే కదా పెట్టేవాణ్ణి."

అంతలో ఒక అనుమానం ఆమె ఏడుపుని సగంలో ఆపింది. "మరి మా ఆయన? ఆయనకి పరీక్షే కాలేదుగా! ఆయన కడుపు..."

గాలిపటం బాబాయ్ దగ్గాడు. "నాకైంది. నీ పేరు మీద."

"నా పేరు మీదా?"

"నీ పేరు పిలిచారు. నువ్వేమో తమ్ముడికి దూది చుడుతున్నావు. గొంతు సన్నగా పెట్టి 'ఆఁ' అని నా వేలు పెట్టేశా. ఒక గీతే వచ్చింది. నీ ఒంట్లో రక్తం లేదని ఎన్నాళ్ళనుంచో చూస్తున్నా. నీకే ఉందేమో, నిన్నే పంపేస్తారేమోనని..." ఆయన ఆగి, చొక్కా గుండీ తిప్పుకుంటూ, "నువ్వు అటు వెళ్తే ఇక్కడ తల తిప్పి ఎవర్ని చూడను?" అన్నాడు.

ఆమెకి ఆయన్ని తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు. రెండూ కలిపి వీపు మీద ఒకటి చరిచింది.

డాక్టరమ్మ ఆమెవైపే చూస్తోంది. "ఇతను మీకు సొంత తమ్ముడా?"

"ఒక కడుపున పుట్టినవాళ్ళమే అమ్మా."

"తోబుట్టువుల్లో ఒకరికుంటే మరొకరికి ఉండే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ. పైగా మీ మొహం ఇంతలా పాలిపోయి ఉంది. ఈ ఫ్యాక్టరీలో సొంత చెయ్యీ ఇవ్వక, తమ్ముడి చెయ్యీ పెట్టించుకోనిది మీరొక్కరే. ఇటివ్వండి."

పెద్దక్క చుట్టూ చూసింది. తమ్ముడి వేళ్ళు నిండిపోయాయి. భర్త వేలు బయటపడిపోయింది. అప్పు ఇచ్చే వేలు ఇంకెవరిదీ కనబడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని తన వేలే చాచింది. అందరూ కార్డు చుట్టూ మూగారు. ఒక గీత వచ్చింది. కాసేపటికి రెండోది కూడా వచ్చింది.

పెద్దాసుపత్రిలో పరీక్షలు అదే మాట ఖాయం చేశాయి. అక్కకీ తమ్ముడికీ గోధుమ బంద్. మిగిలినవాళ్ళకి ఎవరి వేలు వాళ్ళకే గుచ్చి చూస్తే అందరికీ ఒక గీతే వచ్చింది. నూటికి ఒకరని చెప్పి ఇద్దరిని తీశారేమిటని రేడియో డాక్టరమ్మతో తగువేసుకుంది. మాట ఇచ్చిన యజమాని మాట నిలబెట్టుకున్నాడు.

వెళ్ళే రోజు పొద్దున ఫ్యాక్టరీ వాళ్ళందరూ గేటు దగ్గరికి వచ్చారు. ఎప్పుడూ గేటు ఇవతల నిలబడి అవతలికి వెళ్ళేవాళ్ళని చూసిన పెద్దక్క మొదటిసారి అవతల నిలబడింది. వెనక్కి తిరిగి చూడనివాళ్ళని ఇన్నాళ్ళూ ఎందుకు తిట్టుకుందో గానీ, చూస్తే కాళ్ళు కదలవని అప్పుడు అర్థమైంది. మెడ నిటారుగా పెట్టుకుని లారీ ఎక్కింది. ఎక్కి చూస్తే బస్తా పక్కన, మూటల మధ్య, ఉన్ని టోపీ పెట్టుకుని భర్త కూర్చుని ఉన్నాడు.

"మీరెక్కడికండీ? మీకేం లేదుగా!"

"ఏమీ లేనివాడు ఎక్కడైతే ఏం? జరుగు."

ఐసు ఫ్యాక్టరీలో ఇప్పుడు బస్తా దిమ్మలు చంకకొకటి చొప్పున మోస్తున్నాడు. గోధుమ మానేశాక పెద్దక్క మొహంలోకి రక్తం వచ్చింది, మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. ఆ ముగ్గురిలో జబ్బేమీ లేదని తేలిన ఒక్క మనిషి మాత్రం, లారీ దిగిన రోజు నుంచి తుమ్ముతూనే ఉన్నాడు.